హైదరాబాదు పేరుతో ఎగిరిన బాంబర్: జెఫ్రీ డి హావిలాండ్ జీవితం



ఈసారి ఒక ఇంగ్లీషు ఇంజినీరు జీవితం రాస్తున్నాను. తెలుగువారి పేజీలో ఆయనకేం పని అని అడిగేవారికి రెండు కారణాలు చెబుతాను. ఆయన రూపం ఇచ్చిన బాంబర్ విమానాల్లో ఒక రకం 1918లో హైదరాబాదు పేరు రాయించుకుని యుద్ధానికి వెళ్లింది. ఇది మొదటిది. ఇక రెండోది, ఆ కాలపు విమానాల రెక్కలు రేకుతో చేసినవి కావు. కర్ర చట్రం మీద నేసిన బట్ట బిగించి కుట్టినవి. గుడియాత్తంలో మగ్గం చప్పుడు వింటూ పెరిగినవారికీ, వేలూరు చుట్టుపక్కల సైన్యంలో పనిచేసిన ఇళ్లవారికీ ఈ కథలో పరాయి సంగతులు తక్కువే.

జెఫ్రీ డి హావిలాండ్ 1882 జులై 27న ఇంగ్లండులో హై వికోంబ్ దగ్గర పుట్టారు. తండ్రి చర్చిలో పాదిరి. కొడుకు మనసు మాత్రం చిన్నప్పటినుంచీ యంత్రాల మీదే. 1900లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ఇంజినీరింగ్ స్కూల్లో చేరి మూడేళ్లు చదివి, తర్వాత మోటారు బళ్ల కంపెనీల్లో పనిచేశారు. విమానం అనేది అప్పటికి కొత్త వార్త. దాన్ని ఎలా కట్టాలో చెప్పే బడి ఎక్కడా లేదు. ఆయన తన తాతగారి దగ్గర 1,000 పౌండ్లు తీసుకుని, ఫ్రాంక్ హర్ల్ అనే స్నేహితుడితో కలిసి సొంతంగా విమానం కట్టడానికి దిగారు. ఇంజిన్ కూడా తానే గీసుకున్నారు.

1909లో లూయీ అనే అమ్మాయితో పెళ్లయింది. ఆ మొదటి విమానం రెక్కల బట్ట కుట్టింది ఆవిడే. అది లినెన్, అంటే అవిసె నారతో నేసిన బట్ట. దాన్ని కర్ర పక్కటెముకల మీద సాగదీసి కుట్టి, పైన డోప్ అనే ఒక రకం వార్నిష్ పూస్తారు. అది ఆరేటప్పుడు బట్ట బిగుసుకుని డోలు చర్మంలా మోగుతుంది, గాలి దూరదు, తడి పట్టదు. మన నేతగాళ్లు పడుగుకు గంజి పెట్టేది నేయడానికి ముందు, వీళ్లు డోప్ పూసేది నేసి కుట్టిన తర్వాత. రెండు చోట్లా నూలుకు బలం ఇవ్వడమే పని. బట్ట ఒక చోట చిరిగితే ఆ చిరుగు గాలికి పాకి రెక్క మొత్తం పోవచ్చు. అందుకే ఆ కుట్టుపని చేసేవారి చేతిలో పైలట్ ప్రాణం ఉండేది.

అంత శ్రమపడి కట్టిన ఆ విమానం 1909 డిసెంబరులో నేల విడిచిన కొద్ది క్షణాలకే కూలి ముక్కలైంది. ఆయనకు పెద్ద దెబ్బలు తగల్లేదు. ఇంజిన్ మిగిలింది. దానికే కొత్త చట్రం కట్టి, 1910 సెప్టెంబరులో సెవెన్ బారోస్ అనే పచ్చిక మైదానంలో రెండో విమానం ఎగరేశారు. ప్రభుత్వం దాన్ని 400 పౌండ్లకు కొని, ఫార్న్‌బరోలోని తన కర్మాగారంలో ఆయనకు ఉద్యోగం కూడా ఇచ్చింది. విమానం గీయాలి, గీసినదాన్ని తానే ఎక్కి పరీక్షించాలి. 1912 ఆగస్టులో తాను రూపొందించిన బి.ఇ.2 విమానంలో ఒక సైనికాధికారిని ఎక్కించుకుని 10,500 అడుగుల ఎత్తుకు వెళ్లి బ్రిటన్‌లో రికార్డు నెలకొల్పారు. కాగితం మీద గీసిన గీత ఆకాశంలో ఎలా ప్రవర్తిస్తుందో ఒంటి మీద తెలుసుకున్న మనిషి ఆయన. ఈ గుణం తర్వాతి కథకు ముఖ్యం.

1914లో ఆయన ప్రభుత్వ కొలువు వదిలి, లండన్ ఉత్తరాన హెండన్‌లో ఉన్న ఎయిర్‌కో కంపెనీలో ముఖ్య రూపకర్తగా చేరారు. కంపెనీ యజమాని జార్జ్ హోల్ట్ థామస్. ఆ ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అక్కడినుంచి ఆయన గీసిన ప్రతి విమానానికీ ఆయన పేరు మొదటి అక్షరాలే గుర్తయ్యాయి. డి.హెచ్.1, డి.హెచ్.2 అలా వరుస సంఖ్యలతో వచ్చాయి.

ఆ వరుసలో నాలుగోది డి.హెచ్.4. 1916 ఆగస్టులో మొదటిసారి ఎగిరింది. పగటిపూట శత్రువు మీదికి వెళ్లి బాంబులు వేసి రావడానికే బ్రిటన్ కట్టించిన తొలి వేగవంతమైన విమానం ఇది. ఒకదాని పైన ఒకటిగా రెండు వరుసల రెక్కలు, ముందు ఒక ఇంజిన్, లోపల ఇద్దరు మనుషులు. ముందు పైలట్, వెనక తుపాకీ పట్టుకున్న పరిశీలకుడు. సుమారు 200 కిలోల బాంబులు మోసేది. 1917 మార్చిలో 55వ స్క్వాడ్రన్‌తో ఫ్రాన్సుకు వెళ్లింది. మంచి ఇంజిన్ పెడితే శత్రు ఫైటర్ విమానాలకు సులభంగా అందేది కాదు.

కానీ ఆ మంచి ఇంజిన్ దొరకడమే కష్టం. డి.హెచ్.4కు బాగా కుదిరింది రోల్స్ రాయిస్ ఈగిల్. దాని శక్తి 250 హార్స్ పవర్‌తో మొదలై చివరి రకానికి 375కు చేరింది. పెద్ద ఇంజిన్‌కు పెద్ద ప్రొపెల్లర్ కావాలి, అది నేలకు తగలకుండా చక్రాల కాళ్లు ఎత్తు పెంచాల్సి వచ్చింది. ఈగిల్ ఇంజిన్లు అందరికీ సరిపోయేటన్ని తయారుకాలేదు. కాబట్టి దొరికిన ఇంజిన్‌ను బట్టి అదే విమానాన్ని మార్చి మార్చి కట్టారు. 200 హార్స్ పవర్ ప్రభుత్వ ఇంజిన్‌తో కొన్ని, బి.హెచ్.పి. ఇంజిన్‌తో కొన్ని, ఇటలీ ఫియట్ ఇంజిన్‌తో కొన్ని. నౌకాదళానికి పంపినవాటిలో ముందు తుపాకులు ఒకటికి రెండు పెట్టారు. పేరు ఒకటే అయినా, పైలట్‌కు ఏ ఇంజిన్ ఉన్న విమానం వచ్చిందన్నదాని మీద అతని ప్రాణం ఆధారపడేది.

పని ఒక్క ఎయిర్‌కోతో అయ్యేది కాదు. మోటారు బళ్లు చేసే కంపెనీలకు, కొత్తగా పెట్టిన కర్మాగారాలకు నక్షాలు పంచారు. బ్రిటన్‌లో సుమారు 1,450 డి.హెచ్.4లు తయారయ్యాయి. అమెరికా ఇదే విమానాన్ని తన 400 హార్స్ పవర్ లిబర్టీ ఇంజిన్‌తో కట్టుకుంది. అక్కడ మూడు కంపెనీలు కలిసి 4,846 చేశాయి. యుద్ధం అయ్యాక అవి ఏళ్ల తరబడి అమెరికా తపాలా సంచులు మోశాయి. ఈ కర్మాగారాల్లో రెక్కల బట్ట కత్తిరించి కుట్టి డోప్ పూసినవారిలో చాలామంది ఆడవాళ్లే. లూయీగారు ఇంట్లో కూర్చుని చేసిన పని ఎనిమిదేళ్లలో వేలమంది జీతానికి చేసే పని అయింది.

డి.హెచ్.4లో ఒక లోపం ఉంది. పైలట్‌కు, వెనక కూర్చున్న పరిశీలకుడికి మధ్య పెట్రోలు ట్యాంకు పెట్టారు. పైలట్‌కు కింది దృశ్యం బాగా కనబడాలి, వెనకవాడికి తుపాకీ తిప్పే చోటు కావాలి, బరువు మధ్యలో ఉండాలి. ఒక్కొక్కటి విడిగా చూస్తే అన్నీ సబబే. కానీ ఇద్దరూ దూరమైపోయారు. మాట్లాడుకోవడానికి గొట్టం పెట్టినా ఇంజిన్ హోరులో సరిగా వినబడేది కాదు. వెనకనుంచి శత్రువు వస్తున్నాడని చెప్పడానికి కూడా తంటాలు. మంటలు వస్తే ఇద్దరి మధ్యా ట్యాంకు.

1917 జూన్ 13న జర్మన్ గోథా విమానాలు పట్టపగలు లండన్ మీద బాంబులు వేశాయి. 162 మంది పోయారు, వారిలో పాప్లర్ అనే పేటలో బడిపిల్లలు 18 మంది. దేశం మొత్తం ఉడికిపోయింది. వైమానిక దళాన్ని 108 స్క్వాడ్రన్ల నుంచి 200కు పెంచాలని, కొత్తవాటిలో ఎక్కువ బాంబర్లే ఉండాలని ప్రభుత్వం నిర్ణయించింది. అన్ని విమానాలు త్వరగా ఎలా వస్తాయి? డి.హెచ్.4 రెక్కలు, తోక అలాగే ఉంచి, నడిమి భాగం మాత్రం మార్చిన డి.హెచ్.9 అందుకు దారి చూపింది. ఇందులో పైలట్ సీటు వెనక్కి జరిగి పరిశీలకుడి పక్కకే వచ్చింది. ట్యాంకు ముందుకు పోయింది. ఇద్దరూ భుజం తట్టి మాట్లాడుకోవచ్చు. రెక్కలు, తోక పాతవే కాబట్టి కర్మాగారాల్లో పని ఎక్కువ ఆగదు.

మనిషి కూర్చునే చోటు సరిదిద్దారు, ఇంజిన్ దగ్గర దెబ్బతిన్నారు. డి.హెచ్.9కు పెట్టిన ప్యూమా ఇంజిన్ 300 హార్స్ పవర్ ఇస్తుందని లెక్క వేశారు. తీరా వేలల్లో తయారుచేసే సరికి పోత లోపాలు బయటపడి, నమ్మకంగా నడవాలంటే 230కే తగ్గించాల్సి వచ్చింది. దాంతో కొత్త విమానం పాత డి.హెచ్.4 కన్నా నెమ్మదిగా, తక్కువ ఎత్తులో ఎగిరింది. ఫ్రాన్సులోని వైమానిక దళాధిపతి ట్రెంచర్డ్ ఇది పనికిరాదని 1917 చివర్లోనే అభ్యంతరం చెప్పారు. అప్పటికే ఆర్డర్లు వెళ్లిపోయాయి, కర్మాగారాల్లో అచ్చులు మారిపోయాయి. డి.హెచ్.9 వద్దంటే ఆ ఏడాదికి చేతిలో ఏ విమానమూ ఉండదన్నది పైవారి సమాధానం.

ఆఫీసులో ఏళ్ల తరబడి ఇండెంట్లు, ఆర్డర్లు చూసినవారికి ఈ స్థితి తేలిగ్గా అర్థమవుతుంది. ఎన్ని వచ్చాయన్న అంకె రిజిస్టరులో కనిపిస్తుంది. వచ్చినది ఎలాంటిదన్నది గడి దాటి ఎక్కడో ఉంటుంది. డి.హెచ్.9 విషయంలో అది మనుషుల లెక్కలో తేలింది. 1918 మే నుంచి నవంబరు దాకా 99వ, 104వ స్క్వాడ్రన్లు రెండే 54 విమానాలు శత్రువు కాల్పుల్లో, 94 ప్రమాదాల్లో పోగొట్టుకున్నాయి. ఒక్కో విమానంలో ఇద్దరు. పైలట్లలో చాలామందికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ. అయినా ఆ రకం విమానాలు మొత్తం మీద 4,000 దాటి తయారయ్యాయి.

మూడో ప్రయత్నం డి.హెచ్.9ఏ. ఇందులో అమెరికా నుంచి తెచ్చిన 400 హార్స్ పవర్ లిబర్టీ ఇంజిన్ పెట్టారు. రెక్కలు దాదాపు 14 మీటర్ల వెడల్పుకు పెంచారు, నడిమి చట్రాన్ని గట్టిపరిచారు. డి.హెచ్.9లో చేసిన మంచి మార్పు, ఇద్దరూ దగ్గరగా కూర్చోవడం, అలాగే ఉంచారు. డి హావిలాండ్‌గారు అప్పుడు రెండు ఇంజిన్ల డి.హెచ్.10 పనిలో ఉండటంతో, వివరాల పని యోవిల్ ఊళ్లోని వెస్ట్‌లాండ్ కంపెనీ చేసింది. ఒకరు మొదలుపెట్టినదాన్ని ఇంకొకరు సరిగ్గా ముగించారు. సైనికులు దీన్ని ముద్దుగా నైనాక్ అనేవారు.

మన సంబంధం ఇక్కడే మొదలవుతుంది. ఈ డి.హెచ్.9ఏను యుద్ధానికి మొదట తీసుకువెళ్లింది 110వ స్క్వాడ్రన్. దాని మొదటి విమానాలన్నీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుక. ప్రతి విమానం మీదా ఆ సంగతి రాసి ఉండేది. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు వచ్చింది. తర్వాత వచ్చిన దాని గుర్తులోని పులి కూడా నిజాం చిహ్నం నుంచి తీసుకున్నదే. నిజాం సంపదకు మూలం ఆ సంస్థానంలో రైతులు కట్టిన శిస్తు. ఆ ప్రజల్లో సగానికి దగ్గరగా తెలుగువారు. ఓరుగల్లు, నల్గొండ పల్లెల్లో ఎడ్లు కట్టి దున్నినవారికి, తమ చెమట జర్మనీ ఆకాశంలో ఎగురుతోందని తెలిసే వీలే లేదు.

ఆ స్క్వాడ్రన్ 1918 ఆగస్టు చివర ఫ్రాన్సు చేరి, సెప్టెంబరు 14న మొదటి దాడికి వెళ్లింది. యుద్ధం నవంబరు 11న ఆగింది. ఆ రెండు నెలల్లోనే 17 విమానాలు శత్రువు చేతిలో, 28 ప్రమాదాల్లో పోయాయి. విమానం మెరుగైనదే, కానీ అతి దూరపు లక్ష్యాలు, వానలు, పొగమంచు, అనుభవం లేని కుర్రాళ్లు. ఎంత బాగా కట్టినా విమానం ఒక్కటే మనిషిని ఇంటికి తీసుకురాలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

యుద్ధం తర్వాత నైనాక్‌లు మన దేశానికీ వచ్చాయి. 27వ, 60వ స్క్వాడ్రన్లు వాయవ్య సరిహద్దు కొండల్లో వాటిని వాడాయి. 1925లో వజీరిస్తాన్‌లో గిరిజన తెగల మీద వారాల తరబడి బాంబులు వేసింది ఇవే. లండన్ బడిపిల్లల చావుకు కోపంతో కట్టించిన విమానాలు చివరికి వేరే కొండపల్లెల మీద వాలాయి. డి హావిలాండ్ జీవితం చెప్పేటప్పుడు ఇది వదిలేయడం న్యాయం కాదు.

మరో కొమ్మ మంచి వైపు పెరిగింది. డి.హెచ్.9ఏకు బదులుగా వెస్ట్‌లాండ్ కంపెనీ 1927లో వాపిటి విమానం తెచ్చింది. గిడ్డంగుల్లో మిగిలిపోయిన భాగాలు పనికివచ్చేలా డి.హెచ్.9ఏ రెక్కలనే దానికి వాడారు. 1933 ఏప్రిల్ 1న కరాచీలో మన భారత వైమానిక దళం మొదటి స్క్వాడ్రన్ మొదలైంది నాలుగు వాపిటిలతోనే. 1916లో హెండన్‌లో గీసిన గీత ఆ విధంగా మన దళం పుట్టుకదాకా వచ్చింది. డి.హెచ్.9లు కూడా మన ఊళ్ల మీద ఎగిరాయి. నెవిల్ విన్సెంట్ అనే మాజీ సైనిక పైలట్ రెండు పాత డి.హెచ్.9లతో దేశమంతా తిరిగి, డబ్బు తీసుకుని జనాన్ని ఆకాశంలో తిప్పాడు. ఆయనే తర్వాత జె.ఆర్.డి. టాటాతో కలిసి తపాలా విమానాలు మొదలుపెట్టాడు. 1932 అక్టోబరులో టాటా కరాచీ నుంచి బొంబాయి దాకా తెచ్చిన తపాలాను విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. ఆ పస్ మాత్ విమానం డి హావిలాండ్ సొంత కంపెనీ తయారీ.

సొంత కంపెనీ ఆయన 1920లో స్థాపించారు. యుద్ధం ఆగగానే బాంబర్ల ఆర్డర్లు ఆగి, ఎయిర్‌కో అమ్ముడైపోయింది. హోల్ట్ థామస్ సాయంతో, పాత మనుషులతో స్టాగ్ లేన్ అనే చోట మళ్లీ మొదలుపెట్టారు. ఆయనకు సీతాకోకచిలుకలు, చిమ్మటలు సేకరించే సరదా ఉండేది. అందుకే 1925లో వచ్చిన చిన్న విమానానికి మాత్, అంటే చిమ్మట, అని పేరు పెట్టారు. ప్రపంచమంతటా ఫ్లయింగ్ క్లబ్బుల్లో కుర్రాళ్లు ఎగరడం నేర్చుకున్నది ఆ చిమ్మటల మీదే.

రెండో యుద్ధంలో ఆయన మళ్లీ కర్ర దగ్గరికే వచ్చారు. అందరూ లోహంతో కడుతుంటే 1940లో కర్రతో మస్కిటో బాంబర్ తెచ్చారు. వేగమే దాని కవచం. డి.హెచ్.4 నాటి ఆలోచన అదే, ఈసారి ఇంజిన్ కూడా కుదిరింది. బర్మా యుద్ధంలో 1944 చివర నుంచి హైదరాబాద్ స్క్వాడ్రన్ నడిపింది కూడా మస్కిటోలనే.

ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు జాన్ 1943 ఆగస్టులో రెండు మస్కిటోలు గాల్లో ఢీకొన్నప్పుడు చనిపోయాడు. పెద్దవాడు జెఫ్రీ 1946 సెప్టెంబరు 27న కంపెనీ కొత్త జెట్ విమానాన్ని పరీక్షిస్తూ పోయాడు. ఇద్దరూ తండ్రి కంపెనీ విమానాల్లోనే. మొదటి రెక్క కుట్టిన తల్లి లూయీ ఆ దిగులుతోనే కుంగి 1949లో కన్నుమూసింది. వేరేవాళ్ల పిల్లలు తన విమానాల్లో వెళ్లి తిరిగిరాకపోవడం 1918లో చూసిన మనిషికి, ఆ బాధ తన ఇంట్లోకీ వచ్చింది.

ఆయన పని ఆపలేదు. 1952లో ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణికుల విమానం కామెట్ ఆయన కంపెనీ నుంచే సేవలోకి వచ్చింది. 1953లో ఒకటి కలకత్తా దగ్గర, 1954లో రెండు మధ్యధరా సముద్రంలో కూలాయి. కామెట్లన్నీ ఆపి, ఒక విమానాన్ని నీళ్ల తొట్టిలో పెట్టి పరీక్షించి, మధ్యధరాలో కూలినవాటికి కారణం లోహం అలసిపోవడమని కనిపెట్టారు. ఆ పాఠం తర్వాత వచ్చిన అన్ని కంపెనీల జెట్లకూ పనికివచ్చింది. ఆ కాలంలోనే బెంగళూరు హెచ్.ఎ.ఎల్. లో ఆయన కంపెనీ వాంపైర్ యుద్ధవిమానాలు లైసెన్సు మీద తయారయ్యాయి. 1965 మే 21న, 82వ ఏట ఆయన కన్నుమూశారు. చితాభస్మాన్ని 1910లో తాను ఎగిరిన సెవెన్ బారోస్ మైదానం మీదే చల్లారు.

ఆ నిజాం విమానాల్లో ఒకటి ఇంకా ఉంది. దాని నెంబరు ఎఫ్ 1010. 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కి, బెర్లిన్ మ్యూజియానికీ, తర్వాత పోలండుకూ చేరి, 1977లో బ్రిటన్ తిరిగివచ్చింది. ఇప్పుడు హెండన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో చూడవచ్చు. మన ఇళ్ల పిల్లలు లండన్‌లో చదువులకో ఉద్యోగాలకో ఉంటే ఒక ఆదివారం వెళ్లి చూడమనండి. రెక్కల మీది బట్టను, రెండు సీట్ల మధ్య దూరాన్ని గమనించమనండి. ఆ కాస్త దూరం తగ్గించడానికి ఒక విమానం మార్చాల్సి వచ్చింది, తగిన ఇంజిన్ దొరికేలోపు వందల కుర్రాళ్లు పోయారు. మనం మగ్గం దగ్గర పనిచేసినా, బల్ల దగ్గర పనిచేసినా, ఎన్ని అయ్యాయని అడిగే ముందు ఎలా ఉన్నాయని అడగాలని ఆ విమానం పక్కన నిలబడితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.